కొసరు పూస

మా ఇంట్లో ఒకటీ లేదు, ఏడూ లేదు.

నెల్లూరులో మా నాయనకు గాజుల అంగడి ఉండేది. కొట్టు పొడుగెక్కువ, వెడల్పు తక్కువ. లోపలికి పోయేవాళ్లు బయటికి వచ్చేవాళ్లకు దారి ఇవ్వాలంటే తాళ్లకు గుచ్చి వేలాడదీసిన గాజుల మలారాలకు వీపు ఆనించి కడుపు లోపలికి పీల్చుకోవాలి. ఆ అంగడిలో ఏ సరుకు లెక్కపెట్టినా మొదటిదాన్ని 'లాభం' అనాలి. 'ఒకటి' అంటే చివరికి ఒక్కటే మిగులుతుందని భయం. 'ఏడు' అంటే ఏడుపు వస్తుందని ఇంకో భయం. అందుకని లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొకటి, ఎనిమిది. నేను మాటలు నేర్చింది ఈ లెక్కతోనే. బడిలో చేరిన కొత్తలో అయివారు అంకెలు చెప్పమంటే గొంతెత్తి లాభంతో మొదలుపెట్టాను. ఆయన నవ్వు ఆపుకుంటూ, "ఏడు యాడికి పోయిందమ్మే?" అన్నారు.

"అంగట్లో అయిపోయింది సార్, సరుకు రావాల" అన్నాను.

ఆ ఒక్క జవాబుతో నా భవిష్యత్తు నిర్ణయమైపోయిందని నాయన చాలా కాలం చెప్పుకున్నాడు. పంతొమ్మిదో ఏడు వచ్చేసరికి గల్లాపెట్టె పక్కన పీట నాదే. బేరమంటే నాకు పిచ్చి. ఇతర ఆడపిల్లలకు తిరునాళ్ల మీద ఉండే మోజు నాకు ఎదుటివాళ్లు ధర అడిగే క్షణం మీద ఉండేది. బజారులో నాకు ఒక పేరు కూడా వచ్చింది: కొసరు ఇవ్వని పిల్ల. బేరం తెగాక, డబ్బు చేతులు మారాక, కొన్నవాళ్లు చెయ్యి చాపి పైన ఇంకొకటి అడుగుతారు. అది కొసరు. కూరగాయల వాళ్లు కరివేపాకు రెబ్బ వేస్తారు, శనగల వాళ్లు గుప్పెడు వేస్తారు. నేను చిరునవ్వు వేసేదాన్ని.

నాయన నాకు నేర్పిన విద్య అంతా కలిపి ఒక్క ముక్క. కావలసిన వస్తువు వైపు చూడొద్దు. పక్కదాన్ని చూడు, దాన్ని తిట్టు, దానికి బేరమాడు. కావలసింది దానంతట అదే నీ సంచిలోకి వస్తుంది. ఈ విద్య నన్ను ఎక్కడికి తీసుకుపోయిందో ఇప్పుడు చెబుతాను.

ఆ రోజుల్లో రంగం నుంచి మనవాళ్లు ఓడలెక్కి తిరిగి వస్తున్నారు. పుస్తకాల్లో రంగూన్ అని ఉంటుంది గాని మా వీధికి అది రంగమే. అట్లా వచ్చిన వాళ్లలో నాయనకు వదిన వరస అయిన ఆమె ఒకరు. నాకు పెద్దమ్మ. భర్త అక్కడే పోయాడు, పిల్లలు లేరు. పెళ్లయి వెళ్లినప్పటి నుంచి అదే ఊరు, అదే వీధి. అక్కడి సర్కారు నగలు దాటనివ్వకపోవడంతో తిరిగి వచ్చేటప్పుడు గాజులూ గొలుసులూ అన్నీ ఆ ఒడ్డునే వదిలి రావలసి వచ్చింది. జపమాల కాబట్టి ఒక్క మాల మాత్రం ఆమె మెడలో మిగిలింది. మా ఇంటికి రెండిళ్ల అవతల గది తీసుకుని రవికలు కుట్టేది. ఎండ ఉన్నా లేకపోయినా గొడుగు వేసుకుని, కాలవ గట్టు మీద నడిచినట్టు నిటారుగా నడిచేది. దేనికైనా నవ్వేది. ఆమె నవ్వితే నేను నవ్వేదాన్ని, నేను నవ్వితే అమ్మ తిట్టేది.

ఒకరోజు ఆ మాల తెచ్చి నా ముందు పెట్టింది.

"దారం నలిగిపోయింది తల్లీ. ఇయ్యాళో రేపో తెగేట్టుంది. పట్టుదారంతో మళ్లీ గుచ్చి పెట్టు. పున్నమికి కావాలి."

చేతిలోకి తీసుకున్నాను. బఠాణీ గింజల కంటే కొంచెం పెద్ద పూసలు. పచ్చగా ఉన్నాయి గాని మా గాజు పూసల పచ్చ కాదు. కొన్ని లేత అరిటాకు రంగు, కొన్నింటిలో పాలు కలిపినట్టు తెల్లటి మబ్బు, ఒకదానిలో నీటిలో సిరా చుక్క వేసినట్టు ముదురు తీగ. మెరుపు లేదు. నూనె చేత్తో తుడిచినట్టు ఒక నునుపు. బరువు మాత్రం అనుకున్నదాని కంటే ఎక్కువ.

"ఇదేం రాయి పెద్దమ్మా?"

"ఇంగ్లీషువాళ్లు జేడ్ అంటారు. ఆ కొండల్లో దొరుకుతుంది. అక్కడివాళ్లు చౌక్‌సేన్ అంటారు."

చౌక్ అంటే వాళ్ల భాషలో రాయి అని ఆమె ఆ తరువాత చెప్పింది. అప్పటికి నా చెవులు మూసుకుపోయాయి. చౌక అన్న మాట వినిపించాక అంగడి పిల్లకు ఇంకేమీ వినపడదు. అయ్యో పాపం, సముద్రం దాటించి తెచ్చుకున్నది కూడా చౌక సరుకేనా అనుకున్నాను.

ఆమె మాలలో ఒక పూసను పట్టి నా చెంపకు ఆనించింది. ఉలిక్కిపడ్డాను. మంచి ఎండాకాలంలో కడవ అడుగు తగిలినట్టుంది.

"గాజయితే నీ చెంప వేడికి వెంటనే వెచ్చబడుతుంది. ఇది మొండిది. వెచ్చబడటానికి బోలెడంత సేపు పడుతుంది" అంది.

మాల కథ కూడా అప్పుడే చెప్పింది. ఆమె వీధిలో పూలమ్మే ఒక బర్మా ఆవిడ ఉండేది. బుద్ధుడి భక్తురాలు. ఇద్దరూ ముప్పయ్యేళ్ల స్నేహితులు. ఆ మాల ఆవిడ తల్లిది. పెద్దమ్మ ఓడ ఎక్కే రోజున ఆవిడ దాన్ని ఈమె మెడలో వేసి, తాను చెక్కపూసల మాల ఉంచుకుంది. ఉత్తరాలు వస్తాయో రావో తెలియదు. అందుకని ఇద్దరూ ఒక ఒప్పందం చేసుకున్నారు. ప్రతి పున్నమికీ చంద్రుడు లేచే వేళ ఇద్దరూ ఒక్కొక్క చుట్టు జపం చెప్పాలి. నూట ఎనిమిది.

"ఆమె మంత్రం ఆమెది, నా రాముడు నాకు. లెక్క మాత్రం ఒకటే" అంది పెద్దమ్మ. "అక్కడ చంద్రుడు మనకంటే గంట ముందే లేస్తాడు. ఆమె నూట ఎనిమిదీ చెప్పి నీళ్ల మీదుగా పంపిస్తుంది. నేను ఇక్కడ నూట ఎనిమిదీ చెప్పి దించుకుంటాను. వచ్చి ఇన్ని నెలలయింది, ఒక్క పున్నమి తప్పలేదు. ఒక్క పూస తగ్గలేదు. అదొక్కటే మా ఉత్తరం."

మా భాషలో చెప్పాలంటే అక్కడ సరుకు ఎత్తిన లెక్కా, ఇక్కడ దించిన లెక్కా సరిపోవాలి. అంత బాగా అర్థమైన విషయాన్నే నేను పాడు చేశాను.

పున్నమికి ముందు రోజు పొద్దున. మాల దారం కత్తిరించి పూసలను ఒక కాగితం మీద పోసుకున్నాను. పట్టుదారానికి మైనం రుద్దుతున్నాను. అప్పుడే మైపాడు అక్క వచ్చింది. ఈమె మాకు పాత ఖాతాదారు. వారానికొకసారి ఎండుచేపల తట్ట నెత్తిన పెట్టుకుని బస్సులో వస్తుంది, అమ్ముకుని పోతూ మా అంగట్లో ఏదో ఒకటి కొంటుంది. బజారులో నన్ను ఓడించగలిగిన మనిషి ఆమె ఒక్కతే. అందుకే ఆమె వస్తే నాకు ఒంట్లో హుషారు పుట్టేది.

"ఏమ్మే, పచ్చ పూసలు చూపీ. మేకకి కట్టాల. రెండు పిల్లల్ని ఈనింది, ఊరంతా దాని మీదే కళ్లు."

గాజు పూసల పళ్లెం తీశాను. వందల పూసలు. ఆమె పన్నెండు ఏరుకుంది. ధర దగ్గర మేమిద్దరం చాలాసేపు ఆడుకున్నాం. ఆమె తట్ట ఎత్తుకుని రెండుసార్లు వెళ్లిపోయింది, నేను రెండుసార్లు పిలవలేదు, ఆమె రెండుసార్లూ తిరిగి వచ్చింది. చివరికి బేరం తెగింది. ఆమె చెయ్యి చాపింది.

"కొసరెయ్యి."

"నవ్వుతుండా గదక్కా, అదే కొసరు."

"నీ నవ్వు మేకకి కడితే ఈనిన పిల్లలు పారిపోతాయి. పూసెయ్యి మే!"

ఆమె పళ్లెం అంచు పట్టుకుంది. నేను రెండో అంచు పట్టుకున్నాను. ఒక్క గాజు పూస కోసం ఇద్దరు పెద్దమనుషులు పళ్లెం లాక్కోవడం మీరు చూసి ఉండరు. పళ్లెం గాల్లోకి లేచి, బోర్లా పడి, నా ఒళ్లో ఉన్న కాగితం మీద వాలింది. గాజు పూసలూ రంగం పూసలూ కలిసి గుమ్మం దాకా దొర్లాయి. నేను గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి కూలబడ్డాను. ఆమె మాత్రం నింపాదిగా వంగి, కాలి దగ్గర పూసలను రెండు మూడు పట్టి చూసి, ఒకటి ఏరుకుని కొంగున ముడేసుకుంది.

"ఇది కొసరు."

చూశాను. దుమ్ము పట్టి మసకగా ఉంది, మెరుపు లేదు. మా పళ్లెంలో ఏరివేత సరుకు అనుకున్నాను. ఈమె కూడా మోసపోతుందన్నమాట అని, ఆ కంగారులో కూడా, లోలోపల ఒక చిన్న సంతోషం. "పో అక్కా, తీసుకో, చౌక రకమే" అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

ఆమె పోయాక తలుపు ఓరగా వేసి ముగ్గురం కూర్చున్నాం. నాయన, అమ్మ, నేను. పెద్దమ్మ నేర్పిన పరీక్ష తప్ప దారి లేదు. ఒక్కొక్క పూస తీసి చెంపకు ఆనించుకోవడం, వెచ్చబడిందా లేదా అని కళ్లు మూసుకుని ఆలోచించడం. ఎడమ చెంప మొద్దుబారితే కుడి చెంప. అమ్మ తొందర కొద్దీ రెండు చెంపలకూ రెండు పెట్టుకుంది. నాయన గడ్డం గరుకు వల్ల ఏమీ తెలియడం లేదని కనురెప్పల మీద పెట్టుకున్నాడు. ఆ సమయంలో ఎవరో గాజుల కోసం తలుపు తోసి, మా ముగ్గురినీ చూసి, "ఏంది, ఇంటిల్లిపాదికీ పంటినొప్పా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయారు. అమ్మకు నవ్వు వచ్చింది. అమ్మ నవ్వితే పూసలు జారాయి. మళ్లీ మొదటి నుంచి.

వీధి దీపాలు వెలిగే వేళకు ఏరడం అయిపోయింది. నాయన లెక్కపెట్టాడు. లాభం దగ్గర మొదలుపెట్టి చివరికి వచ్చి ఆగి, గొంతు సవరించుకున్నాడు.

"నూట ఆరున్నొకటి."

ఆ అంకె పూర్తిగా పలకడానికి కూడా మా ఇంట్లో వీలులేదు. మళ్లీ లెక్కపెట్టాడు. మళ్లీ నూట ఆరున్నొకటి. ఇంట్లో ఏడు లేకపోబట్టే ఒకటి తగ్గుతున్నదేమో అని నేను ఒకసారి లోలోపల ఏడుతో కూడా లెక్కపెట్టాను. ఏడుపు వచ్చింది గాని పూస రాలేదు. మా గాజు పూసల గుట్టను ఇంకోసారి చెంపలకు పెట్టుకున్నాం. పెట్టెల కింద, చాప కింద, గుమ్మం పగుళ్లలో వెతికాం. అప్పుడు నాకు మైపాడు అక్క కొంగుముడి గుర్తొచ్చింది.

పెద్దమ్మకు చెప్పే ధైర్యం లేదు. మర్నాడు మధ్యాహ్నం ఆమె గొడుగుతో వచ్చేసింది. "అయిందా తల్లీ?"

నూట ఏడు పూసలు దారానికి ఎక్కించి, ముడి వెయ్యకుండా ఒక రేకు డబ్బాలో పెట్టుకుని సిద్ధంగా ఉన్నాను. నా నాలుక నాకంటే ముందు పరిగెత్తింది.

"పెద్దమ్మా, ఈ పున్నమికి సముద్రం ఒడ్డున చెప్పుకుందువు రా. మైపాడు పోదాం. ముడి అక్కడే వేస్తాను. ఉప్పుగాలికి పట్టుదారం బిగుస్తుంది."

అట్లాంటి సంగతి లోకంలో ఎక్కడా లేదు. కానీ ఆమె ముఖం వెలిగిపోయింది. "ఓడ దిగినప్పటి నుంచి సముద్రం చూడలేదే!" అని ఆమె అన్నప్పుడు నాకు లోపల ఇంత గాజుపెంకు గుచ్చుకున్నట్టయింది.

బస్సులో ఇందుకూరుపేట దాకా వరిచేలు. పెద్దమ్మ కిటికీ పక్కన కూర్చుని కనిపించిన కొంగనల్లా నాకు చూపించింది. "మాల ఏదీ, ఒకసారి చూడనీ" అని మూడుసార్లు అడిగింది. "డబ్బా మూత తీస్తే దుమ్ము పడుతుంది" అని మూడుసార్లు చెప్పాను. మైపాడులో దిగి, ఇసుక మీద బోర్లించిన పడవ నీడలో ఆమెను కూర్చోబెట్టి, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒళ్లో పోసి, "మనకు తెలిసిన అక్క ఉంది, పలకరించి వస్తాను" అని బయలుదేరాను. పొద్దు ఇంకా చేతి ఎత్తున ఉంది.

అక్క గుడిసె ముందు వల ఆరేసి ఉంది. గుంజకు మేక కట్టి ఉంది. దాని మెడలో పలుపుతాడు, తాడుకు గుచ్చి పచ్చ పూసల దండ. పన్నెండు గాజు పూసలు ఎండకు తళతళమంటున్నాయి. వాటి నడుమ, గొంతు దగ్గర, ఒకటి మాత్రం మెరవకుండా, అరిటాకు రంగులో, గంభీరంగా ఉంది. నూట ఎనిమిదోది. మేక ముఖంలో కూడా ఆ గాంభీర్యమే.

చూపు తిప్పేశాను. కావలసిన వస్తువు వైపు చూడొద్దు. మరి పక్కన ఏముంది చూడటానికి? మేక ఉంది.

"ఏమ్మే, గాజులంగడి పాపా! కొసరు వాపసు తీసుకుందామని వస్తివా?" అక్క వల వెనక నుంచి లేచింది.

ఆమె సరదాకి అన్నది. నేను అవసరానికంటే గట్టిగా నవ్వాను. అప్పుడే నిజం చెప్పి చెయ్యి చాపితే అయిపోయేది. కానీ అంగట్లో పుట్టినదాన్ని. అడిగి తీసుకోవడం అనే పద్ధతి నాకెవరూ నేర్పలేదు.

"ఛ, అదేందక్కా. మేక చూద్దామని వచ్చినా."

"మేకా? దేనికీ, గాజులు తొడిగేదానికా?"

"పాలకి. నాయనకి దగ్గు."

"నిన్న చూస్తిని గదా మీ నాయన్ని, గుండ్రాయి మాదిరి ఉండాడు."

"లోపలి దగ్గక్కా." ఇట్లా అని, ఇక ఆగకుండా, మేక చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాను. "ఇదేంది, చెవి వంకర?"

"చెవిలో పిండుతావా పాలు?"

"కాలు ఈడుస్తా ఉండాది."

"ఇసకలో నువ్వు నడిచి చూపీ."

"దీని చూపేందక్కా ఇట్టుండాది? నా వైపు చూస్తా ఉంటే నేనేదో దానికి బాకీ ఉన్నట్టుండాది."

"మనుషుల్ని కనిపెడతాది మే అది. నీ మాదిరోళ్లని చానామందిని చూసింది."

ఆమె ధర చెప్పింది. నేను సగం చెప్పాను. ఆమె ఆకాశం వైపు చూసి ఎవరినో సాక్ష్యానికి పిలిచింది. నేను వెళ్లిపోయాను, వచ్చాను. ఆమె వల సర్దుకుంది, మానేసింది. ఆ మధ్యలో మేక నా కొంగు నమలడం మొదలుపెట్టింది, దాన్ని కూడా ధరలో తగ్గించమన్నాను. అక్కడే నాకు తల తిరిగింది. బేరం మత్తు ఎక్కింది. ఎందుకు వచ్చానో, ఎవరు పడవ నీడలో కూర్చున్నారో, పొద్దు ఎంత దిగిందో అన్నీ మరచిపోయి, పాలిచ్చే మేకను, రెండు పిల్లలను అక్కే ఉంచుకునేట్టు, బజారు ధరకు ఎంతో తక్కువలో తెంచేశాను. అంత గొప్ప బేరం నా జన్మలో అంతకు ముందు చెయ్యలేదు, ఆ తరువాతా చెయ్యలేదు. అంగడి కోసం దారాలు కొనమని నాయన ఇచ్చిన డబ్బు తీసి ఆమె చేతిలో పోశాను.

అక్క డబ్బు కళ్లకు అద్దుకుంది. మేక దగ్గరికి పోయింది. పలుపు ముడి విప్పి, తాడూ దండా కలిపి మేక తల మీదుగా తీసి, తన భుజాన వేసుకుంది.

"తోలుకుపో."

"అదేందక్కా, తాడు?"

"పలుపెట్టిస్తారు మే? జీవాన్ని అమ్మినోళ్లు పలుపు ఇస్తే ఇంట్లో సిరి దాంతోపాటే పోతాది. ఇంత బేరం నేర్చినావు, ఇది తెలవదా?"

తెలియదు. మా ఇంట్లో గాజులు ఉన్నాయి, కాళ్లున్న సరుకు ఎన్నడూ లేదు. పశువులున్న ఇంట్లో అయిదేళ్ల పిల్లకు తెలిసే సంగతి అది.

"పోనీ పూసలన్నా ఇయ్యక్కా. దిష్టి తగలకుండా."

"పూసలమ్మేది నువ్వు గదా? మీ అంగట్లో తట్టల కొద్దీ ఉండాయి గదా? ఇంటికి పోయి కట్టుకో!"

మేక నా కొంగు మిగతా సగం నములుతూ ఉంది. నేను, బజారులో పేరు మోసినదాన్ని, చెయ్యి చాపాను.

"అయితే... కొసరుగా ఒక్క పూస ఇయ్యక్కా."

అక్క రెండు చేతులూ నడుమున పెట్టుకుని గుడిసెల వైపు కేకేసింది. "ఓ మే, రాండి రాండి! గాజులంగడి పాప కొసరడగతా ఉండాది!"

వచ్చారు. అందరూ వచ్చారు. మా అంగట్లో కొసరు అడిగి నా నవ్వుతో ఇంటికి పోయినవాళ్లు అందులో ఆరేడుగురైనా ఉన్నారు. "యాదీ, ఇంకోసారి అడుగు, మేం ఇన్లేదు" అని ఒకామె. "నవ్వేసి పంపీ అక్కా, అదే దాని కొసరు" అని ఇంకొకామె. నవ్వులకు వల మీద కాకులు లేచిపోయాయి. సిగ్గుతో చచ్చిపోవాలి గాని నాకూ నవ్వు ఆగడం లేదు. ఆ నవ్వుల మధ్య, గొడుగు ముడుచుకుని, ఇసుకలో నిటారుగా నడుస్తూ పెద్దమ్మ వచ్చింది.

"అమ్మాయీ, పొద్దు వాలింది. చంద్రుడు వచ్చే వేళయింది. మాల ఇటు తే."

డబ్బా మూత తీశాను. ఇక దాచడానికి వేళ లేదు. "పెద్దమ్మా, నూట ఏడే ఉన్నాయి" అన్నాను. మా ఇంట్లో లేని ఆ అంకెను జీవితంలో మొదటిసారి బిగ్గరగా పలికాను. "ఒకటి అక్క భుజం మీద ఉంది. నిన్న కొసరుగా పోయింది. తీసుకుపోదామని వచ్చి మేకను కొన్నాను."

పెద్దమ్మ అక్క భుజం వైపు చూసింది. బోడి మెడతో నిలబడిన మేకను చూసింది. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. సముద్రం వైపు తిరిగింది.

"ఆమె అక్కడ ఈపాటికి మొదలుపెట్టే ఉంటుంది" అంది మెల్లగా. "నూట ఎనిమిదీ చెప్పి పంపుతుంది. నేను నూట ఏడుకే ఆపేస్తే చివరిది ఎవరు దించుకుంటారు?"

ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అక్క అడిగింది, "ఎవరమ్మా? యాడుంటాది?"

పెద్దమ్మ నీళ్ల వైపు వేలు చూపింది. "ఆ ఒడ్డున. రంగంలో. అక్కడ పూలమ్ముతుంది, నా స్నేహితురాలు. ఈ పూస వాళ్లమ్మది."

"ఈ నీళ్లకేనా? ఇదే నీళ్లకి ఆ పక్కనా?"

"ఇవే నీళ్లు."

అక్క నీళ్ల వైపు రెండడుగులు వేసింది. మొగుడు రోజూ పడవ వేసుకుని పోయే ఆ నీళ్లకు ఆ పక్కన కూడా ఒక ఒడ్డు ఉందని, అక్కడ ఒక పూలమ్మి ఉందని అప్పుడే తట్టినట్టుంది. భుజం మీది తాడు తీసి, పళ్లతో ముడి కొరికి, ఆ ఒక్క పూసనూ లాగింది. ఇచ్చే ముందు దాన్ని ఒకసారి చెంపకు ఆనించుకుంది.

"నాకు తెలిసే ఏరుకున్నా మే" అంది నాతో. "అప్పుడే నీళ్లలోంచి తీసిన చేప మాదిరి ఉండె, సల్లగా. నువ్వు చౌక రకం అంటివి. నీకు కళ్లుండాయి గాని చేతుల్లేవు." పూసను పెద్దమ్మ అరచేతిలో పెట్టింది. "డబ్బులకైతే ఇయ్యనమ్మా. కొసరుగా పోయింది, కొసరుగానే తీసుకో."

"మరి మేక?" అన్నాను ఆశగా.

"మేక బేరం తెగింది. తెగిన బేరం తెగినట్టే."

ఇసుకలో కూర్చుని నూట ఎనిమిదో పూస ఎక్కించి ముడి వేశాను. ఉప్పుగాలికి దారం బిగుస్తుందన్న నా అబద్ధం సంగతేమో గాని నా వేళ్లు మాత్రం బిగుసుకుపోయాయి. అక్క వంగి ముడి రెండో కొస పట్టుకుంది. పట్టుకుంటూనే "వదులు, తెగేట్టు లాగుతుండావు, నిన్నటి పళ్లెం అనుకుంటివా" అని తిట్టింది. సరిగ్గా అప్పుడే నీళ్ల అంచున చంద్రుడు రాగి పళ్లెంలాగా పైకి వచ్చాడు.

పెద్దమ్మ తడి ఇసుక దాకా పోయి నిలబడింది. పెదవులు కదులుతున్నాయి, వేళ్ల మీదుగా పూసలు ఒక్కొక్కటే జారుతున్నాయి. మేమంతా వెనక కూర్చున్నాం. ఎవరూ చెప్పకుండానే అందరూ లెక్కపెట్టడం మొదలుపెట్టారు. నేను నా లెక్కలో, లాభం, రెండు, మూడు. అక్క వేళ్లు మడుస్తూ తన లెక్కలో. మేకకు లెక్క లేదు, అది పెద్దమ్మ గొడుగు రుచి చూస్తోంది. నూట ఆరు అయింది. నూట ఆరున్నొకటి అయింది. అక్క నా మోచేతిని పొడిచింది.

"ఇప్పుడొచ్చేది నాది."

పెద్దమ్మ చివరి పూస దాటించి, మాల కళ్లకు అద్దుకుని వెనక్కి తిరిగింది. అప్పుడు నవ్వింది. మేకను చూసి, గొడుగు అంచును చూసి, నన్ను చూసి, ఇసుకలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వింది. "దించుకున్నానే తల్లీ" అంది నవ్వుల మధ్య. "అంతా దిగింది. పైన మేక కూడా దిగింది."

ఆఖరి బస్సులో కండక్టరు మేకకు టిక్కెట్టు అడిగాడు. ఒళ్లో కూర్చుంటే టిక్కెట్టు లేదు కదా అని నేను దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. ఇందుకూరుపేట దాటేదాకా ఆ విషయం మీదే బేరం నడిచింది, బస్సు బస్సంతా చెరో పక్షం చేరింది. పలుపు లేదు కాబట్టి నా కొంగులో మిగిలిన ముక్కే పలుపు. పెద్దమ్మ మాల మెడలో వేసుకుని, కిటికీలోంచి చంద్రుణ్ణి చూస్తూ, మధ్య మధ్య తనలో తనే నవ్వుకుంటూ కూర్చుంది.

ఆ తరువాత మైపాడు అక్క మా అంగడికి ఎప్పుడు వచ్చినా కొసరు రెండు తీసుకునేది, ఒకటి తనకు, ఒకటి మేక లేని గుంజకు. నేనే పళ్లెం ముందుకు జరిపేదాన్ని.

ఆ రాత్రి ఇంటికి చేరేసరికి నాయన గుమ్మంలోనే ఉన్నాడు. పెద్దమ్మ మెడలో మాల చూసి ఊపిరి వదిలాడు. ఆమె వెనక నన్ను చూశాడు. నా వెనక, నా కొంగు పట్టుకుని గుమ్మం ఎక్కుతున్న నాలుగు కాళ్లను చూశాడు. దారాల డబ్బు ఏమైందో ఆయనకు అర్థమైంది. అరుస్తాడని పక్కకు తప్పుకున్నాను.

నాయన వేలు చాపి మేకను లెక్కపెట్టాడు.

"లాభం" అన్నాడు.